ఇంట్లో పెత్తనం, రాజ్యం పెత్తనం: అరాచకవాదం స్త్రీవాదానికి అండా, అడ్డా?

రాయగడ శారద:
మొన్న మా పఠన బృందంలో ఒక కుర్రాడు ఖరాఖండిగా ఒక మాటన్నాడు. "స్త్రీవాది ఎవరైనా చివరికి అరాచకవాది కాక తప్పదు. ఒకరి మీద ఒకరి పెత్తనం చెల్లదన్నదే రెండింటికీ మూలం" అని. వినడానికి బాగానే ఉంది, నాకు మాత్రం సగమే మింగుడుపడింది. ఇక్కడ అరాచకవాదమంటే అల్లర్లని ఎవరూ అనుకోకండి. రాజ్యం, పోలీసు, యజమాని లేకుండా మనుషులు తమ పనులు తామే కలిసి నడుపుకోగలరన్న సిద్ధాంతం గురించి మాట్లాడుతున్నాను. సరే, మా బస్తీలో ఒకామె మొగుడి దెబ్బలు తిని అర్ధరాత్రి బయటికొచ్చిందనుకోండి. 2005 గృహహింస చట్టం ఉంది కాబట్టి ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగగలదు, రక్షణ ఉత్తర్వు అడగగలదు. రాజ్యాన్ని తీసేస్తే ఆమె ఎవరి గుమ్మం ఎక్కాలి? కులపెద్దల అరుగే కదా మిగిలేది. మీరేమంటారు?

పర్లాకిమిడి కిరణ్:
శారదక్కా, ఆ కుర్రాడు నేనేనని చెప్పెయ్యొచ్చుగా :)
మీరు రాజ్యాన్ని పుట్టింటివాళ్ళలా చూస్తున్నారు. అది ఎవరి వైపు నిలబడిందో చూడండి. అమెరికాలో అరాచకవాది ఎమ్మా గోల్డ్‌మన్‌ని 1916లో అరెస్టు చేసింది దేనికి? గర్భనిరోధం గురించి ఆడవాళ్ళకి చెప్పినందుకు. 1919లో దేశం నుంచే గెంటేశారు. ఓటు వస్తే చాలు ఆడవాళ్ళు విముక్తులవుతారన్న మాటని ఆమె అప్పట్లోనే ఒప్పుకోలేదు. చైనా నుంచి వచ్చి టోక్యోలో ఉన్న అరాచకవాద స్త్రీవాది హె-యిన్ జెన్ 1907లో ఇంకా సూటిగా అడిగింది: పైన కూర్చున్న మగవాళ్ళ పక్కన నలుగురు ఆడవాళ్ళు కూర్చుంటే కిందనున్న ఆడదానికి ఒరిగేదేంటని. మన సంగతికొస్తే, 2023లో తెచ్చిన కొత్త న్యాయ సంహితలో కూడా పద్దెనిమిది దాటిన భార్య మీద మొగుడు చేసే బలవంతం అత్యాచారం కిందికి రాదు. ఇంటి యజమానికి రాజ్యం రాసిచ్చిన పట్టా కాదా ఇది?

బరంపురం మాస్టారు:
కిరణ్, నువ్వు ఎంచుకున్నవాళ్ళంతా ఆడవాళ్ళే. తెలివైన పనే. మగ అరాచకవాదుల సంగతి కూడా కాస్త విప్పుదాం.
1840లో "నేను అరాచకవాదిని" అని గర్వంగా ప్రకటించుకున్న ఫ్రెంచి రచయిత ప్రూధాన్ ఇంటి దగ్గరికొచ్చేసరికి పచ్చి పితృస్వామ్యవాది. ఆడది మగవాడి కంటే తక్కువని లెక్కలు కట్టి మరీ వాదించాడు. రాజు వద్దు గానీ తండ్రి గద్దె మాత్రం కదలకూడదట! సాటి ఫ్రెంచి అరాచకవాది జోసెఫ్ దెజాక్ 1857లో బహిరంగ లేఖ రాసి దులిపేశాడు. ఆడదాన్ని అణిచేవాడు అరాచకవాది ఎలా అవుతాడన్నది దాని సారం.
సిద్ధాంతంలో ఆ లోపం దిద్దుకున్నారు, రష్యా అరాచకవాది బకూనిన్ నాటికే సమానత్వం మాట వచ్చేసింది. అలవాటు మాత్రం పోలేదు. 1936లో స్పెయిన్‌లో 'ముహేరెస్ లిబ్రెస్' అనే అరాచకవాద మహిళల సంఘం పుట్టింది, అంటే స్వేచ్ఛా స్త్రీలని. వీధుల్లో విప్లవం నడిపే కామ్రేడ్ ఇంటికెళ్ళి భార్య మీద మామూలు యజమానే అవుతున్నాడని వాళ్ళ ఫిర్యాదు. అంతర్యుద్ధం నడుస్తుండగానే చదువు నేర్పారు, పనులు నేర్పారు, వేలమందిని కూడగట్టారు. 1938లో ఉద్యమంలో మమ్మల్ని ఒక స్వతంత్ర శాఖగా గుర్తించండని అడిగితే సొంత ఉద్యమమే కాదంది. ఆడవాళ్ళు వేరుగా ఉంటే ఐక్యత చెడుతుందన్నారు. ఈ మాట మన ఉమ్మడి కుటుంబాల్లో విననివాళ్ళుంటే చెయ్యెత్తండి.
అన్నట్టు, మా పక్కనున్న ఛత్రపురంలో 1902లో పుట్టిన నాస్తికవాది గోరా గారిని కూడా కొందరు ఈ కోవలో కలిపేస్తుంటారు. ఆయన వద్దన్నది పార్టీలని, ప్రభుత్వాన్ని కాదు. కలపకండి.

జయపురం వకీలు:
శారద గారూ, చట్టం కాగితం మీద ఉంది, నిజమే. కానీ స్టేషన్‌కి వెళ్ళిన ఆడమనిషికి మొదట వినిపించేది "సర్దుకుపో అమ్మా, కాపురం అన్నాక" అనే. కులపెద్ద అరుగు మీద చెప్పేదే ఎస్సై కుర్చీలోంచి చెబుతాడు. తేడా ఒక్కటే, ఎస్సై మీద అప్పీలుంది. ఆ ఒక్క తేడా చిన్నది కాదు.

సిరొంచ పద్మ:
మీరంతా స్పెయిన్ దాకా పోయొచ్చారు, మహారాష్ట్రలో మా గడ్చిరోలి దిక్కు కూడా ఒకసారి రండి. ఈ ప్రశ్న మాకు పుస్తకంలోది కాదు, సీసాలోది.
మా జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. పైనుంచి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, జనం ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్నది, అందులో ఆడోళ్ళదే పెద్ద పాత్ర. దాదాపు అదే సమయంలో నెల్లూరు దిక్కు దూబగుంట ఆడోళ్ళు సారా కొట్టు మూయించారు. అది ఆంధ్ర అంతటా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997కల్లా ఖజానా గుర్తొచ్చి సడలించేశారు. మా పక్క చంద్రాపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు.
ఇప్పుడు చెప్పండి, ఆ ఆడోళ్ళు అరాచకవాదులా కాదా? కొట్టుకు లైసెన్సు ఇచ్చింది రాజ్యం, దాని మీద పన్ను తిన్నది రాజ్యం. వాళ్ళు ఏ అధికారినీ అడగకుండా కొట్టుకు అడ్డంపడ్డారు, కుండలు పగలగొట్టారు. అరాచకవాదులు చెప్పే సూటి చర్య అంటే అదే. కానీ మర్నాడు అదే ఆడోళ్ళు కలెక్టరు దగ్గరికి పోయి చట్టం చెయ్యమన్నారు. ఎందుకంటే ఒక ఊళ్ళో మూయిస్తే పక్క ఊళ్ళో తెరుస్తారు. మాకైతే గోదావరి మీద వంతెన దాటితే కాళేశ్వరం, అవతల తెలంగాణలో దుకాణాలు బాజాప్తా నడుస్తాయి. ఊరి కట్టుబాటు ఊరి పొలిమేర దాకే. సరుకు మాత్రం ఏ పొలిమేర దగ్గరా ఆగదు.

పర్లాకిమిడి కిరణ్:
పద్మక్కా, మీ జిల్లాలోనే మెండా లేఖా ఉంది కదా! "ఢిల్లీ ముంబైలో మా ప్రభుత్వం, మా ఊళ్ళో మేమే ప్రభుత్వం" అన్న గోండుల ఊరు. ఓటింగ్ పెట్టరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఇంతకంటే అరాచకవాదం ఏం కావాలి?

సిరొంచ పద్మ:
ఉంది, గొప్ప ఊరే. ధానోరా తాలూకాలో ఉంటుంది, మాకు బాగా దూరం. అక్కడి గ్రామసభకి ఇంటికొక మగమనిషే వస్తే సరిపోదు, ఆడమనిషి కూడా రావాలి. నాకు అన్నిటికంటే నచ్చేది అదే. కానీ నినాదం మొదటి సగం మింగెయ్యకు తమ్ముడూ. 2006 అటవీ హక్కుల చట్టం ఉండబట్టే 2009లో అడవి మీద వాళ్ళకు సామూహిక హక్కు పత్రం వచ్చింది. వెదురు అమ్ముకోవడానికి అటవీ శాఖతో పోట్లాడి 2011లో రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతికి తెచ్చుకున్నారు. రాజ్యాన్ని నిలదీశారు, వాడుకున్నారు, దూరం పెట్టారు, అన్నీ చేశారు. నువ్వు ఒక్క ముక్క తీసుకుని జెండా కట్టుకుంటే ఎలా?
ఇంకొకటి. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకోవడం బాగుంటుంది, మాట్లాడగలిగితే. మామగారు ఎదురుగా కూర్చుంటే కోడలు నోరెత్తదు. ఆ మౌనాన్ని అంగీకారం కింద రాసుకున్న సభలు మన దిక్కు ఎన్ని లేవు?

రాయగడ శారద:
పద్మ గారు అసలు చోట చెయ్యి పెట్టారు. అరాచకవాదం మీద నా అనుమానం కూడా రాజ్యం దగ్గర కాదు, ఇక్కడే.
మా పక్క వీధిలో ఒక మహిళా సంఘం ఉంది. అధ్యక్షురాలు వద్దు, అందరూ సమానమే అని మొదలైంది. ఇక్కడ చాలామందిమి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేస్తాం గానీ ఒడియా చదవడం కొందరికే వచ్చు. బ్లాకు ఆఫీసు కాగితాలేమో ఒడియాలో వస్తాయి. వాటిని ఎవరు చదివి చెబితే వాళ్ళ మాటే తీర్మానమైపోతోంది. ఏ అప్పు ఎవరికి ముందు, ఏ శిక్షణకి ఎవరు వెళ్ళాలి, అన్నీ ఆ ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. కానీ లేని పదవి నుంచి ఎవరినైనా ఎలా దించుతారు?
అమెరికాలో జో ఫ్రీమన్ 1970లో స్త్రీవాద బృందాల గురించి చెప్పింది అచ్చంగా ఇదే. నిర్మాణం లేని గుంపంటూ ఉండదు, నియమాలు బయటికి రాసుకోకపోతే స్నేహితుల ముఠా లోపల్లోపల నడిపిస్తుందని. పనులు వంతులవారీగా తిప్పమంది, సమాచారం అందరికీ అందాలంది, బాధ్యత తీసుకున్నవాళ్ళు గుంపుకి జవాబు చెప్పాలంది. కాథీ లెవిన్ దీనికి ఎదురు రాసింది, పెద్ద సంస్థల నిర్మాణం మనుషుల్ని యంత్రాల్ని చేస్తుంది, చిన్న బృందాలే మేలని. మా పక్క వీధిది చిన్న బృందమేనండీ! చిన్నదైనంత మాత్రాన పెత్తనం పోలేదు.

పర్లాకిమిడి కిరణ్:
ఫ్రీమన్ చెప్పిన మందులన్నీ మావే అక్కా. వంతులు తిప్పడం, బాధ్యులని ఎప్పుడంటే అప్పుడు వెనక్కి పిలవడం అరాచకవాద సంఘాల పాత పద్ధతులే. అరాచకవాదమంటే నియమాలు లేకపోవడం కాదు, పాలకుడు లేకపోవడం.

బరంపురం మాస్టారు:
ఒప్పుకుంటా. అయితే నీ మొదటి మాట తిరగరాయి. స్త్రీవాది అరాచకవాది కావాలో లేదో ఆమె ఇష్టం. అరాచకవాది మాత్రం స్త్రీవాది కాకపోతే మరో ప్రూధాన్ అవుతాడు.

పర్లాకిమిడి కిరణ్:
సగం తిరగరాస్తా మాస్టారూ. పద్మక్క చెప్పిన వంతెన సంగతికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఊళ్ళు కలిసి సమాఖ్య కట్టుకోవాలంటాను, కానీ అవతలి ఒడ్డు ఊళ్ళు అమ్ముకుంటామంటే?

సిరొంచ పద్మ:
అదే కదా అడిగింది. ఆలోచించుకుని చెప్పు, తొందరేం లేదు.

రాయగడ శారద:
ఈలోగా వకీలు గారూ, పక్క వీధివాళ్ళకి పనికొచ్చే సంగతొకటి చెప్పండి. లెక్కల పుస్తకం, సంతకం ఏటా వంతులవారీగా మారుద్దామంటే, బ్యాంకువాళ్ళు ఒప్పుకోరని కాగితాలు చదివే ఆవిడ అంటోంది. నిజమేనా?

జయపురం వకీలు:
కాదు. సంఘం తీర్మానం రాసి, సభ్యుల సంతకాలు పెట్టించి, కొత్తవాళ్ళ గుర్తింపు కాగితాలు జతచేసి ఇస్తే బ్యాంకు ఖాతాలో పేర్లు మారుస్తుంది. తీర్మానం ఒడియాలో రాసినా, పుస్తకంలో పక్కనే తెలుగులోనూ రాసుకోమనండి. సంతకం పెట్టే ముందు అందరికీ గట్టిగా చదివి వినిపించాలి. చదివేది మాత్రం ఆవిడ కాకుండా చూడండి.