సమస్య: ఆరు రెట్లు చేయ నంకె లవియె

కందుకూరు మాస్టారు: ఆటవెలది నాలుగో పాదం ఇది. ఆరు రెట్లు చేస్తే సంఖ్య మారాలి కదా, అంకెలు మాత్రం అవే ఉండాలట. పూరించండి.

కావలి సభ్యుడు:

ఒకటి నాల్గు రెండు నొనరగ నెనిమిది
యైదు నేడు నిడిన నద్భుతంబు
చక్ర గతిని తిరుగు సంఖ్యరా యిది చూడు
ఆరు రెట్లు చేయ నంకె లవియె

142857 గురించి చెప్పాను మాస్టారూ. ఆరుతో హెచ్చిస్తే 857142.

మాస్టారు: భేష్. 'చక్రగతి' సరైన మాట. రెండుతో 285714, మూడుతో 428571, నాలుగుతో 571428, అయిదుతో 714285. ఎక్కడా వరుస చెడదు, మొదలయ్యే చోటే మారుతుంది. కాకపోతే 'ఐదు నేడు' చదవగానే 'ఇవాళ ఐదు' అనిపించి ఒక్క క్షణం తికమకపడ్డాను.

నెల్లూరు సభ్యుడు: లెక్కలు మీరు చూసుకోండి. నాది రొయ్యల చెరువు బాధ.

రొయ్య చెరువు ముంచె రూకలు మిగులునే
సున్న మిగిలె జేబు జూడ నేడు
ఎంత పెంచ నేమి యెప్పుడు నదె గదా
ఆరు రెట్లు చేయ నంకె లవియె

కావలి సభ్యుడు: అబ్బయా, నవ్వించావు. కానీ సమస్యలో 'అంకెలు' అని బహువచనం ఉంది. నీ సున్న ఒక్కటే.

నెల్లూరు సభ్యుడు: రూపాయల సున్న ఒకటి, పైసల సున్నలు రెండు. పాస్‌బుక్ తెచ్చి చూపించమంటారా?

మాస్టారు: చెల్లుతుంది!

ఒంగోలు సభ్యురాలు: మొదటిసారి రాస్తున్నా, టెన్షన్‌గా ఉంది.

ఒకటి నేడు చేత నొనర భాగింపగా
శేష మారు గతులఁ జేరి తిరుగు
చుక్క వెనుక నున్న సంఖ్యను చూడుము
ఆరు రెట్లు చేయ నంకె లవియె

మాస్టారు: అమ్మా, ఈ వింతకు కారణం చెప్పింది నువ్వొక్కదానివే. ఒకటిని ఏడుతో భాగిస్తే వరుసగా మిగిలే శేషాలు 1, 3, 2, 6, 4, 5. ఏడుకి సున్న కాని శేషాలు ఆరే, ఆ ఆరూ వచ్చేశాయి. ఇక మళ్లీ ఒకటికే తిరిగి రావాలి. ఆరును ఏడుతో భాగించడమంటే అదే చక్రంలో 6 దగ్గర ఎక్కడం, అంతే. అందుకే దశాంశ బిందువు తర్వాత 857142 వస్తుంది.

మూడో పాదంలో మాత్రం యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో ఉండాల్సిన పొత్తు. చకారానికి సకారంతో మైత్రి ఉంది, హల్లు కుదిరింది. అచ్చు కుదరలేదు. 'చు'లో ఉకారం, 'సం'లో అకారం. కొత్తవాళ్లందరూ పడే గుంటే ఇది, నేనూ పడ్డాను.

ఒంగోలు సభ్యురాలు: 'చుక్క వెనుక నున్న సొంపగు సంఖ్యను' అంటే?

మాస్టారు: ఉకారానికి ఒకారం మిత్రమే. కుదిరింది.

కావలి సభ్యుడు: పదిహేడుతో భాగించినా ఇలాగే తిరుగుతుంది కదండీ? 0588235294117647, పదహారు అంకెలు.

మాస్టారు: తిరుగుతుంది, కానీ ముందు సున్న పెట్టుకుంటేనే. ఆరు రెట్లు 3529411764705882. మన దశాంశ పద్ధతిలో ముందు సున్న అక్కర్లేకుండా ఇలా తిరిగేది 142857 ఒక్కటే. అందుకే నాకు దానిమీద పక్షపాతం. పైగా దాని వర్గం 20408122449. దాన్ని 20408, 122449గా విడదీసి కూడితే మళ్లీ 142857. ఈ గుణాన్ని మన మహారాష్ట్ర దేవ్‌లాలీ బడిపంతులు కాప్రేకర్ పేరుతోనే పిలుస్తారు.

ఇది కూడా పద్యంలో పెట్టబోయాను, గణాలు లొంగలేదు. వచ్చే ఆదివారానికి ఇది పట్టండి: 'ఏడు రెట్లు చేయ నేమి మిగిలె'. నెల్లూరాయన ఈసారి సున్న తేకూడదు.

నెల్లూరు సభ్యుడు: చెరువు మళ్లీ వేస్తున్నా మాస్టారూ, చూద్దాం.