శోషరసమా, శోషా?

మా మేనత్తకి లింఫోమా అనే క్యాన్సర్. స్కానింగ్ రిపోర్టులో ‘స్ప్లెనోమెగాలీ’ అని ఉంటే, ప్లీహం వాచిందని ఇంట్లో చెప్పాను. ‘‘బల్ల పెరిగిందని చెప్పరాదురా’’ అంది నాయనమ్మ. ఎడమ డొక్క కింద చెక్కలా తగులుతుంది కదా, అందుకే కాబోలు బల్ల. ఆ మాటతో నాకు పేచీ లేదు.

చిక్కంతా లింఫ్‌తో, అంటే ఒంట్లో పారే ఆ పలచటి ద్రవం పేరుతో. పాఠ్యపుస్తకాల్లో శోషరసం అంటారు కదా అని ‘శోషరస క్యాన్సర్’ అన్నాను. ‘‘నాకు శోష రావట్లేదే!’’ అంది అత్త. ఈ మాటని మార్చుకోలేమా?

— మాట తప్పేం కాదండీ. శోషణ అంటే పీల్చుకోవడం. ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ లింఫ్ గ్రంథుల్ని ‘పీల్చుకునే గ్రంథులు’ అనే అనేవాళ్లు. 1832లో లండన్‌లో చదివి వినిపించిన, థామస్ హాడ్జ్‌కిన్ అనే వైద్యుడి వ్యాసం పేరులో ఆ గ్రంథులూ, ప్లీహమూ రెండూ ఉన్నాయి. జనం నోట్లో మాత్రం శోష అంటే స్పృహ తప్పడమే. అన్నట్టు మన ప్లీహమూ, గ్రీకుల స్ప్లేనూ ఒకే వేరు నుంచి వచ్చినవి.

— నాకు ‘రోగనిరోధక కణాలు’ అనే మాటతోనే ఇబ్బంది. నేను పాథాలజీలో పనిచేస్తాను. ప్లీహాన్ని కోస్తే ముదురెరుపు గుజ్జులో తెల్లచుక్కలు కనిపిస్తాయి. ఎర్రగుజ్జు ముసలి ఎర్రకణాల్ని ఏరేస్తుంది. తెల్లచుక్కల్లో సన్నటి ధమనిని చుట్టుకుని టీ కణాలు, వాటి పక్కనే ముద్దలుగా బీ కణాలు. రెండూ రోగనిరోధక కణాలే. లింఫోమాల్లో ఎక్కువ భాగం ఈ బీ కణాలు దారితప్పి వచ్చేవే. అంటే నిరోధించాల్సిందే రోగమైంది.

— కంచే చేను మేసిందన్నమాట!

— సగమే నిజమండీ. హాడ్జ్‌కిన్ పేరుతో పిలిచే లింఫోమా రకంలో గడ్డంతా జబ్బుకణాలే అనుకుంటాం. చాలాసార్లు అవి నూటికి ఒకటో రెండో. మిగతా గుంపంతా టీ కణాలూ, క్రిముల్నీ చెత్తనీ మింగే మాక్రోఫేజ్‌లూ వగైరా. అంతమంది చుట్టూ మూగి కూడా ఊరుకుంటారు. జబ్బుకణం మీది పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ తగిలితే టీ కణం చేతులు ముడుచుకుంటుంది. నివోలుమాబ్ లాంటి మందులు ఆ పట్టు విడిపిస్తాయి. ఇలా ఎడతెగని పోరులో నీరసించిన టీ కణాల్ని ఇంగ్లిష్‌లో ‘అలసిపోయినవి’ అంటారు. తెలుగులో ఏమందాం?

— ‘శోషిల్లిన కణాలు’! అత్తగారి మాటే ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

— బాగుంది. కాకపోతే శోషిల్లినవాడు మొహాన నీళ్లు చల్లితే లేస్తాడు. ఈ కణాల్లో కొన్ని మందుకి లేస్తాయి, మరీ ముదిరినవి లేవవు. లేచేవాటికి ‘శోషిల్లిన’, లేవనివాటికి ‘డస్సిపోయిన’ అంటే?

— డస్సినవాడు కూడా ఓ పూట పడుకుంటే లేస్తాడు కదండీ. ‘ఉడిగిన’ అనండి.

— ఉడిగిన టీ కణాలు. రాసుకున్నాను. అత్తకి శోష సంగతి చెప్తే ‘‘నా ఒంట్లో నాకు తప్ప అందరికీ శోషే అన్నమాట’’ అని నవ్వింది.