సువార్త యాత్రలో వంట, అంట్ల వంతులు ఎలా వేయాలి?

అన్నలకు, అక్కలకు వందనాలు. పాడేరు ఏజెన్సీ వైపు 5 రోజుల సువార్త యాత్రకు మా సంఘం యూత్ 22 మంది వెళ్తున్నాం. బస మందిరంలోనే, వంట బయట కట్టెల పొయ్యి మీద. పూటకు మూడున్నర కిలోల బియ్యం, కిలోంపావు కందిపప్పు లెక్కేశాం. తాగే నీళ్లు కాచి చల్లార్చాలి. సరుకుల దిగులు లేదు, చిక్కంతా పనుల పంపకంలోనే.

ఇలాంటి యాత్రల్లో జరిగేది తెలిసిందే. వాక్యం చెప్పేవాళ్లు, కీబోర్డు వాయించేవాళ్లు ప్రాక్టీసంటూ తప్పుకుంటారు. వంట అక్కల మీద, నీళ్ల మోత చిన్నవాళ్ల మీద పడుతుంది. చివరికి అక్కడి పాస్టరమ్మగారు అంట్లు తోముతుంటారు. యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13 మీద ప్రసంగం మాత్రం అదిరిపోతుంది!

ఈసారి నీళ్లు-కట్టెలు, వంట, వడ్డన, అంట్లు అని నాలుగు గుంపులు, ఆడా మగా కలిపి. వంతు పొద్దున మారితే రాత్రి మాడిన గిన్నె ఎవరిదీ కాకుండా పోతుంది, అందుకే రాత్రి అంట్లయ్యాకే మార్పు. గిన్నెల అడుగుకు ముందే తడిమట్టి పూస్తే మసి తేలిగ్గా వదులుతుంది, అది సరే.

తేలనివి ఇవి: ఆ రోజు వాక్యం చెప్పేవారికి వంతు ఉండాలా, మినహాయించాలా? ఇంతమందికి అన్నం వార్చడం వచ్చిన అక్కను రోజూ పొయ్యి దగ్గర ఉంచితే భారం మళ్లీ ఆమె మీదే కదా, ఇంకో దారి ఉందా? పాస్టరమ్మగారు నొచ్చుకోకుండా "మీరు కూర్చోండి" అని ఎలా ఒప్పించాలి?