లివర్‌లో నీటితిత్తి: స్కాన్ ఒక్కటే చాలా, రక్తపరీక్ష కూడా కావాలా?

శైలజ_విజయవాడ: మా అమ్మకు 61 ఏళ్లు. గ్యాస్ నొప్పని కడుపు స్కాన్ తీయిస్తే లివర్‌లో 3 సెం.మీ. సిస్ట్ కనబడింది. రిపోర్టులో ‘సింపుల్ సిస్ట్’ అనే రాశారు. అయినా మూడు రక్తపరీక్షలు రాసిచ్చారు: ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరుకు), హైడాటిడ్ ఎలైజా (కుక్కల నుంచి అంటే పురుగు తిత్తి ఉందేమోనని), సీఏ 19-9 (క్యాన్సర్ అనుమానానికి). మొదటి రెండూ బాగానే ఉన్నాయి, మూడోది కొంచెం ఎక్కువొచ్చింది. అంతే, క్యాన్సరేమోనని సీటీ. అందులోనూ నీరే! పదకొండు వేలు పోతే పోయాయి, అమ్మ నెల రోజులు సరిగ్గా అన్నం తినలేదు. స్కాన్‌లో తేలిపోయిన దానికి రక్తం లాగడం ఎందుకు?

పత్తికొండ_బాబు: మీ అమ్మగారికి ఏమీ లేదు కాబట్టి ఎందుకు అంటున్నారు మేడం. మా నాయనకు 2017లో స్కాన్‌లో సిస్ట్ అన్నారు. రక్తపరీక్ష రాయలేదు, ‘ఏం కాదు పో’ అన్నారు. రెండేళ్ల తర్వాత దొడ్డి కంచె దాటుతూ బోర్లా పడినాడు. అంత చిన్న దెబ్బకే లోపల పగిలింది. ఒళ్లంతా దద్దుర్లు, బీపీ పడిపోయింది. హైడాటిడ్ అంట. ఆపరేషన్ చేసి బతికించినారు. ఆ రోజు ఒక్క రక్తపరీక్ష చేసుంటే?



సోనో_పాతకాపు: ఇరవై ఏళ్లు స్కాన్ గదిలో పనిచేశాను కాబట్టి చెబుతున్నా. తిత్తి లోపల నిండు నలుపు, గోడ కనబడీ కనబడనంత సన్నం, వెనక తెల్లటి వెలుగు. ఈ మూడూ ఉండి, బాధ లేకపోతే సింపుల్ సిస్టే. అలాంటివాళ్లకు మళ్లీ మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదని 2022లో ఐరోపా లివర్ నిపుణుల సంఘం చెప్పింది. సీఏ 19-9 సాధారణ సిస్ట్‌లోనూ పెరుగుతుంది. శైలజ గారి అమ్మగారిని ఊరికే భయపెట్టారు.
హైడాటిడ్ వేరు. లోపల పిల్లతిత్తులు తేనెపట్టులా కనబడతాయి, లేదా ఊడిన పొర నీళ్లలో తేలుతుంటుంది. డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని సీఈ1 నుంచి సీఈ5 దాకా రకాలుగా విడగొట్టింది స్కాన్ బొమ్మను బట్టే.

పత్తికొండ_బాబు: అయితే రక్తపరీక్ష దండగంటావా అన్నా?

సోనో_పాతకాపు: అనలేదు. బొమ్మ మీద అనుమానం వస్తే చేయాల్సిందే. కానీ లివర్ హైడాటిడ్ ఉన్న పదిమందిలో ఒకరిద్దరికి నెగటివే వస్తుంది. తొలి దశలో, సున్నం పట్టిన పాత తిత్తిలో ఇంకా ఎక్కువ. మెదడులో బద్దెపురుగు తిత్తులున్నవాళ్లకు ఉత్తినే పాజిటివ్ రావచ్చు.

సిరి_86: సూది పెట్టి నీళ్లు లాగి చూస్తే పోలా?

సోనో_పాతకాపు: అమ్మా, హైడాటిడ్‌ను ఊరికే గుచ్చితే ప్రాణం మీదికొస్తుంది. గుచ్చే చికిత్స ఉంది, కానీ ముందు ఆల్బెండజోల్ (ఆ పురుగును చంపే మాత్ర) ఇచ్చి, అన్నీ సిద్ధం చేసుకుని చేస్తారు.

శైలజ_విజయవాడ: బాబు గారూ, మీ నాన్నగారి సంగతి బాధాకరమే. అందుకని ఊళ్లో అమ్మలందరి రక్తం తీయాలా?

పత్తికొండ_బాబు: పదకొండు వేల గురించి ఏడ్చేవాళ్లకు ఏం తెలుస్తుంది. మేం యాభై గొర్రెలు అమ్మినాం.

శైలజ_విజయవాడ: డబ్బు మీకే కష్టమా? ఆ సీటీ ఇప్పటికీ నా క్రెడిట్ కార్డు మీదే ఉంది. మాటలు చూసి మాట్లాడండి.

సోనో_పాతకాపు: ఆగండిద్దరూ. బాబూ, 2017 స్కాన్ కాగితం ఉందా? కింద ఇంప్రెషన్ (చివర ఒక్క మాటలో తేల్చేది) కాదు, పైన ఏం రాశారో చెప్పు.

పత్తికొండ_బాబు: ఉంది. లామినేషన్ చేయించినా. ‘రైట్ లోబ్‌లో 6.2 × 5.4 సెం.మీ. సిస్టిక్ లీజన్, థిన్ ఇంటర్నల్ సెప్టేషన్స్’. కింద ‘లివర్ సిస్ట్’ అని మాత్రమే ఉంది.

సోనో_పాతకాపు: సెప్టేషన్స్ అంటే లోపల అడ్డుగోడలు. అది సింపుల్ సిస్ట్ కాదు, అక్కడే ఆగి చూడాల్సింది. స్కాన్ చూసింది బాబూ. పై మూడు లైన్లు ఎవరూ చదవలేదు. గొర్రెలు, కుక్కలు ఉన్నాయని డాక్టరుకు చెప్పారా?

పత్తికొండ_బాబు: అడగలేదు.

పత్తికొండ_బాబు: నేనే తీసుకుపోయినా. బయట యాభైమంది, లోపల రెండు నిమిషాలు. నాయన చెప్పబోతే నేనే ఊరుకోమన్నా, గొర్రెల గోల ఇక్కడెందుకని.

శైలజ_విజయవాడ: మా అమ్మనూ ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ జీవితంలో కుక్కను ముట్టుకోలేదు. అడిగుంటే ఆ ఎలైజా రాసేవాళ్లే కాదు. ఇందాక దురుసుగా అన్నాను, ఏమీ అనుకోకండి.

పత్తికొండ_బాబు: నేనూ అన్నాలే మేడం. అయినా రక్తపరీక్ష కావాలనే అంటా. మనిషి అడక్కపోయినా కాగితమైనా ఉంటుంది.

సోనో_పాతకాపు: కాగితం మీ దగ్గర అప్పుడూ ఉంది కదా బాబూ. సరే, అది వదిలేయ్. మీ అమ్మకూ తమ్ముడికీ స్కాన్ తీయించారా?

పత్తికొండ_బాబు: లేదు. వాళ్లకు నొప్పేం లేదు.

సోనో_పాతకాపు: ఏళ్ల తరబడి నొప్పి ఉండదు. తీయించు. ఇంకోటి, గొర్రె కోసినప్పుడు పాడైన లివరు, ఊపిరితిత్తులు కుక్కలకు వేస్తున్నారా? పురుగు వాటిల్లోకి వెళ్లేది అట్లానే.

పత్తికొండ_బాబు: మొన్న ఉగాది మరుసటి రోజు కూడా వేసినాం అన్నా.