అప్‌డేట్: స్ట్రక్చర్‌లో రైతు పేరు ఎక్కింది

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వేసిన మిర్చి బస్తాల లెక్క కోసం సీ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రక్చర్ (పేరు, బస్తాలు, రేటు లాంటివి ఒకచోట కలిపి పెట్టేది) రాస్తే, డాట్ పెట్టి బస్తాల సంఖ్య ఇవ్వగలుగుతున్నాను కానీ పేరు దగ్గర ఎర్రర్ వస్తోందని మొన్న అడిగాను కదా. మీరు చెప్పిందే నిజం. పేరు క్యారెక్టర్ అరే, అంటే అక్షరాల వరుస. డిక్లేర్ చేసేటప్పుడు తప్ప ఆ తర్వాత ఈక్వల్ గుర్తుతో విలువ ఇవ్వలేం. స్ట్రింగ్ కాపీ ఫంక్షన్ వాడాను, ఎక్కింది. అరే సైజు 20 నుంచి 50 చేశాను, మా వైపు ఇంటిపేరుతో కలిపితే పేర్లు పొడుగే.

ఆ తర్వాత ఇంకో టెన్షన్. విడిగా రాసిన ఫంక్షన్‌లో రేటు మార్చినా, ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్‌లో పాతదే చూపించింది. ఫంక్షన్‌కు వెళ్లేది స్ట్రక్చర్ నకలేనట! దాని అడ్రస్ (మెమరీలో అది ఉన్న చోటు) పంపి, లోపల డాట్ బదులు బాణం గుర్తు పెట్టాక మారింది. నాన్న మార్కెట్ నుంచి తెచ్చిన తక్‌పట్టీతో (అమ్మకం లెక్క చీటీ) పోల్చి చూశాను. 12 బస్తాలు, పైసలతో సహా సరిపోయింది. చాలా థ్యాంక్స్ అన్నా.