సమస్య: ఇసుకనుండి తీపి యింటఁ బుట్టె

సత్యనారాయణపురం (నిర్వహణ): ఈ వారం ఆటవెలది. పైన ఇచ్చింది నాలుగో పాదం, మిగతా మూడూ మీవి. సాయంత్రం ఇంట్లోనే కేకో బిస్కెట్లో కాల్చుకునే సందర్భం రావాలి. ఇసుక అనగానే తైలం తీసే పద్యం వైపు పోకండి, ఆ దారి అరిగిపోయింది. ఇంకో షరతు: పద్యంలో చెప్పినట్టు చేస్తే పొయ్యి మీద పని జరగాలి. గణాలు కుదిరి కేకు పచ్చిగా ఉంటే మార్కుల్లేవు.

కృష్ణలంక: మా ఇంట్లో ఓవెన్ లేదు, కాబట్టి కల్పనతో పని పడలేదు.

కుక్కరడుగు నింపి కృష్ణలంక యిసుక
విజిలు తీసి మూత వేసి కాచి
గిన్నెలోనఁ బిండి గిలకొట్టి పెట్టంగ
నిసుకనుండి తీపి యింటఁ బుట్టె

బ్రాడీపేట: కృష్ణలంక గారూ, మొదటి పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జోడీ కుదరలేదు. ‘కు’కి ‘కృ’ చెల్లదు. ఋకారం ఇ, ఎ ల జట్టు. ఉకారానికి ఒకారం కావాలి. మీ పేటని పద్యంలోకి ఎక్కించాలన్న ముచ్చట తెలుస్తూనే ఉంది గానీ, ‘కొద్దిగా నిసుకతో’ అంటే యతీ గణమూ రెండూ సరిపోతాయి. విజిలు తీశారు సరే, మూతకున్న రబ్బరు మాటేమిటి? అది ఉంచి నీళ్ళు లేని కుక్కరు కాస్తే ఇల్లంతా రబ్బరు కంపు.

పటమట: ‘రబ్బరూడఁదీసి’ అంటే మూడు సూర్యగణాలు తేలిగ్గా పడతాయండీ.

లబ్బీపేట: నాదొక తెలియని ప్రశ్న బాబాయ్ గారూ. ఇసుక ఎందుకు, కాసిని నీళ్ళు పోస్తే పోలా?

సత్యనారాయణపురం: పోదమ్మా. నీళ్ళు పోసి విజిలు పెట్టినా కుక్కరు లోపల 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆవిరికి ఉడికింది ఇడ్లీలా తెల్లగా ఉంటుంది. కేకు పైన ఎర్రబడాలంటే పొడి వేడి కావాలి, 170, 180 దాకా. ఇసుక ఆ వేడిని పట్టి ఉంచి గిన్నె చుట్టూ సమంగా పంచుతుంది. కాకపోతే ఇసుక ఎండి ఉండాలి. తడిదైతే మళ్ళీ ఆవిరే. చాలా ఇళ్ళలో కల్లుప్పు పోస్తారు, అదీ మంచిదే. కానీ అప్పుడు నా సమస్య చెడుతుంది!

అరండల్‌పేట: మాది అత్తాకోడళ్ళ ముచ్చట.

అత్తగారు చూచి యాశ్చర్యపడి పల్కెఁ
బొయ్యిమీఁద నేమి పొంగె ననుచుఁ
గోడలనియె నవ్వి కొబ్బరి కేకత్త!
ఇసుకనుండి తీపి యింటఁ బుట్టె

బ్రాడీపేట: నడక బాగుంది. ‘ఏమి పొంగె’ అన్నచోట పాలు గుర్తొచ్చి, పొంగింది కేకని తేలడం ఇంకా బాగుంది. ‘కేకత్త’ దగ్గర మాత్రం పైకి చదివి చూడండి. ఏ కోడలూ ఆ సంధి చేసి బతికి బట్టకట్టదు.

అరండల్‌పేట: మా అత్తగారు ఇంకా చదవలేదు లెండి.

పటమట: మా ఇంట్లో పొయ్యి దగ్గర మగాళ్ళు.

ఓవెనింట లేక యూరకుండఁగ లేక
నాన్‌ఖటాయి, కేకు నాన్న చేసె
అమ్మ నిదుర లేచి యడుగ నిట్లనెఁ దాను
ఇసుకనుండి తీపి యింటఁ బుట్టె

సత్యనారాయణపురం: రెండో పాదం ఈ వారానికే తలమానికం. నాన్‌ఖటాయికి నాన్న యతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదే! మూడో పాదం చివర ‘తాను’ ఉత్త పాదపూరణ, అక్కడ కాస్త చెమటోడ్చండి. మీ నాన్నగారు ఏది ముందు కాల్చారు?

పటమట: కేకే ముందండీ. అది దిగేసరికి ఇసుక బాగా కాగి ఉంటుంది, నాన్‌ఖటాయికి మళ్ళీ వేడి చేసే పని లేదు. సన్న సెగ చాలు, లేకపోతే అడుగు నల్లబడుతుంది. మన బెజవాడ ఎండల్లో నెయ్యి గడ్డకట్టదు కదా, ముద్దల్ని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టకపోతే పళ్ళెంలో జారి అప్పడాలైపోతాయి. నాన్న ఒక్కో ముద్ద మీద బొటనవేలితో గుంట నొక్కి అందులో పిస్తా పలుకు కూర్చేవారు.

లబ్బీపేట: నేనూ ప్రయత్నించాను, తిట్టకండి.

రవ్వఁ జూచి పాప రాశి యిసుక యంచుఁ
బిడికిలించి చల్లి పిలిచె నన్నుఁ
బెరుగుఁ గలిపి నేను పెనముపైఁ గాల్చితి
ఇసుకనుండి తీపి యింటఁ బుట్టె

బ్రాడీపేట: రవ్వని ఇసుక చేయడం కొత్త ఊహ, అసాధ్యం ఒక్క దెబ్బతో తీరిపోయింది. ఛందస్సులో వేలు పెట్టడానికి సందు లేదు. మరి తీపి ఏదమ్మా? రవ్వ, పెరుగు కలిపి పెనం మీద వేస్తే వచ్చేది రవ్వ రొట్టె. పక్కన అల్లం పచ్చడి పెట్టుకుని తినాలి.

లబ్బీపేట: అయ్యో, చక్కెర మరిచాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

జక్కెరయునుఁ గలిపి చట్టిలోఁ గాల్చితి

కృష్ణలంక: ఇప్పుడు పెరుగు పోయింది. చిటికెడు వంటసోడా వేస్తే దాన్ని పొంగించడానికి పులుపు ఉండాలి, లేకపోతే నోట్లో సబ్బు రుచి.

సత్యనారాయణపురం: నాలుగు పాదాల్లో సరుకులన్నీ పట్టవు కృష్ణలంక గారూ, సోడా ఊసు ఆ అమ్మాయి ఎత్తనే లేదు. సవరణ ఒప్పుకుంటున్నాను. ఈ వారం మొదటి స్థానం లబ్బీపేటకి, పాదం బహుమతి పటమటకి. అరండల్‌పేట గారు సంధి విడదీసి మళ్ళీ పంపితే చూస్తాను. ఆదివారం కందం ఇస్తాను, ప్రాసకి ‘క్క’ సిద్ధం చేసుకోండి.