సంస్కృతం చదివిన నేను గ్రీకు, లాటిన్ మొదలుపెట్టవచ్చునా?

ప్రశ్న (శ్రీకాకుళం విద్యార్థిని):
నేను చరిత్ర, సంస్కృతం పాఠ్యాంశాలుగా బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాచీన బౌద్ధ క్షేత్రమైన సాలిహుండం కొండ మీద నుంచి వంశధారను చూసిన నాటి నుంచి, ఈ తీరం గురించి గ్రీకు, రోమను రచయితలు రాసినవి వారి మాటల్లోనే చదవాలని ఉంది. ఆ భాషల్లో అక్షరం కూడా రాని నన్ను విదేశీ విశ్వవిద్యాలయాలు ఎం.ఏ.లో చేర్చుకుంటాయా? అనువాదాలతో నాగరికతను మాత్రమే చదివితే చాలదా? నాన్నగారు బి.ఇడి. చేయమంటున్నారు.

జవాబు (విజయనగరం, విశ్రాంత సంస్కృత అధ్యాపకుడు):
అమ్మా, మీకు సగం దారి తెలుసు. మన 'భరతి' (మోస్తాడు) గ్రీకులో 'ఫెరెయ్', లాటిన్‌లో 'ఫెర్ట్'. మన 'అభరత్' (మోశాడు) గ్రీకులో 'ఎఫెరె'. భూతకాలానికి ధాతువు ముందు మనం చేర్చే అకారమే అక్కడ ఎకారమైంది. ద్వివచనం ప్రాచీన గ్రీకులోనూ ఉంది, క్రియాఫలం కర్తకే చెందేటప్పుడు వాడే ఆత్మనేపదానికి సాటి వచ్చే రూపాలూ ఉన్నాయి. శబ్దమంజరి వల్లించిన వారికి విభక్తుల భయం ఉండదు.

జవాబు (విజయనగరం నుంచి వెళ్ళి జర్మనీలో చదువుతున్న విద్యార్థి):
అనువాదాలు చాలవు. రోమను రచయిత ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతంలో, గంగ ముఖద్వారం నుంచి కళింగుల అగ్రం (సముద్రంలోకి చొచ్చుకుపోయిన భూభాగం), 'దండగుడ' పట్టణం వరకు 625 మైళ్ళని రాశాడు. అది ప్రాచీన కళింగ రాజధాని దంతపురమేనని కొందరు పండితులు అంటారు. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోని దంతవరపుకోటా, ఒడిశాలోని పాలూరా అన్న వివాదం వేరే ఉంది. కొన్ని ముద్రణల్లో ఆ పేరు 'దండగుల' అని కనిపిస్తుంది. ఈ రెండు పాఠాంతరాల్లో ఏది సరైనదో తేల్చడానికి లాటిన్ రావాలి.

ఇక ప్రవేశం సంగతి. కేంబ్రిడ్జిలో లాటిన్ రాని వారికి గ్రీకు, లాటిన్ అధ్యయనంలో నాలుగేళ్ళ బి.ఏ. ఉంది గాని, ఎం.ఏ.లో సాధారణంగా భాషాజ్ఞానం ముందే అడుగుతారు. ప్రాచీన చరిత్ర విభాగాలు కొంత సడలిస్తాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మన వంటి, ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చినవారు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. బోధన ఎక్కువగా జర్మనులో ఉంటుంది కనుక ఆ భాషకు కూడా సమయం కేటాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
బి.ఇడి. చేస్తూనే మొదలుపెడతాను, నాన్నగారూ ఒప్పుకుంటారు. గురువుగారూ, రెండింటిలో ఏది ముందు?

జవాబు (విశ్రాంత సంస్కృత అధ్యాపకుడు):
గ్రీకు, అమ్మా. క్రియారూపాల్లో సంస్కృతానికి అదే దగ్గర. పెర్సియస్ అనే ఉచిత వెబ్‌సైటులో మూలగ్రంథాలు, పదానికి పదం వ్యాకరణ వివరణ దొరుకుతాయి. ఈ వారం ఇరవై నాలుగు అక్షరాలూ చేతితో రాయండి; 'ఎఫెరె' రూపాలన్నీ 'అభరత్' పక్కన పెట్టుకుని వచ్చే వారం చూద్దాం.